రుబ్బురోలు మెల్‌బోర్న్ పోవాలా?

జూన్ వచ్చిందంటే మన నెల్లూరు, ఒంగోలు ఇళ్ళల్లో అటక మీది సూట్‌కేసులు కిందికి దిగుతాయి. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం ఇదే గోల, విదేశం పోతూ ఏం తీసుకెళ్ళాలి, ఏం వదిలెయ్యాలి, బరువెంత, షిప్పా విమానమా అని. అందుకని కోడళ్ళ గొడవలు, జుట్టు రాలడాలు వచ్చే నెలకి జరిపి ఈసారి మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా. నేను 1999లో న్యూజెర్సీ పోయి పదకొండేళ్ళు ఉండి మళ్ళీ నెల్లూరు వచ్చి పడ్డదాన్ని, అంటే కాపురాన్ని రెండుసార్లు మూటగట్టినదాన్ని, రెండుసార్లూ తప్పులు చేసినదాన్ని. కాబట్టి కాస్త దబాయించి చెప్పినా ఏమనుకోకండి.

అక్కా, మాది కావలి. మా ఆయన మెల్‌బోర్న్‌లో ఉద్యోగంలో చేరి ఐదు నెలలైంది, నేనూ మా మూడేళ్ళ పాపా వచ్చే నెల పోతున్నాం. పెళ్ళప్పుడు పెట్టిన సామానంతా అట్టాగే ఉంది. మా అత్తగారు గ్రైండరు, మిక్సీ, కుక్కర్లు, ఇత్తడి బిందెలు, ఆఖరికి రుబ్బురోలుతో సహా షిప్పులో వేయిద్దాం అంటున్నారు. మా అమ్మేమో అన్నీ అక్కడే దొరుకుతాయంట, ఒట్టి చేతుల్తో పోవే అంటోంది. మా ఆయన్ని అడిగితే నీ ఇష్టం అంటాడు. ఏం చెయ్యను? (పేరు వద్దు, కావలి)

నీ ఇష్టం అన్నాడంటే ఐదు నెలల్నించి ఆ అబ్బాయి వంటగదిలోకి సరిగ్గా పోలేదని అర్థం అమ్మాయ్. ముందు ఆయన్ని మూడు ఫోటోలు పంపమను. ఒకటి పొయ్యిది, ఒకటి వంటింటి అరలన్నీ తలుపులు తెరిచి తీసింది, ఇంకోటి గోడ మీద ప్లగ్గులది. ఈ మూడు ఫోటోలు చూడకుండా నువ్వూ మీ అత్తగారూ ఎంత వాదించుకున్నా అది గాల్లో కత్తి తిప్పడమే.

పొయ్యి ఎందుకంటున్నానంటే, మెల్‌బోర్న్ ఉండే విక్టోరియా రాష్ట్రంలో కొత్తగా కట్టే ఇళ్ళకి గ్యాస్ తగ్గించుకుంటూ వస్తున్నారు, 2024 జనవరి నించి ప్లానింగ్ పర్మిషన్ కావాల్సిన కొత్త ఇళ్ళన్నీ కరెంటు మీదే నడవాలని రూలు పెట్టారు. పాత ఇళ్ళల్లో గ్యాస్ ఉంటుంది, కొత్త వాటిల్లో ఇండక్షన్ పొయ్యి తగలడానికి బాగా అవకాశం ఉంది. ఇండక్షన్ అయితే నీ ఇత్తడి, రాగి, అల్యూమినియం గిన్నెలు దాని మీద పెట్టినా పెట్టనట్టే. దీనికి ఇంటర్నెట్ అంతా వెతకాల్సిన పన్లేదు, మీ ఫ్రిజ్ మీద పాప అతికించిన మాగ్నెట్ బొమ్మ ఒకటి పీక్కొచ్చి వంటింట్లో కింద కూర్చో, ఒక్కో గిన్నే బోర్లించి అడుగున పెట్టి చూడు, టక్కున పట్టుకుంటే అది పోవచ్చు, జారి కింద పడితే ఇక్కడే ఉండాలి. స్టీలు గిన్నెలన్నీ పట్టుకుంటాయని అనుకోకు, చాలా స్టీలు గిన్నెలు పట్టుకోవు. కుక్కరు కొనేటప్పుడు అడుగున ఇండక్షన్ బేస్ అని ఉందో లేదో చూసి కొను. మనింట్లో ఉండే పాత అల్యూమినియం కుక్కరు ఎంత లక్షణంగా విజిల్ వేసినా సరే దాన్ని మోసుకుపోవద్దు.

కరెంటు సంగతి నీకు కలిసొచ్చింది. ఆస్ట్రేలియాలో కూడా మనలాగే 230 వోల్టులు, 50 హెర్ట్జ్. కాబట్టి మిక్సీ, గ్రైండరు రెండూ తిరుగుతాయి, కాకపోతే వాళ్ళ ప్లగ్గు పిన్నులు ఏటవాలుగా ఉంటాయి, ప్లగ్గు మారిస్తే చాలు. మిక్సీ తీసుకుపో. మన మిక్సీ జార్లో కొబ్బరి పచ్చడి అయినట్టు అక్కడి బ్లెండర్లో కాదు, అది జ్యూసులకి పుట్టింది. గ్రైండరు దగ్గర మాత్రం ఆగి ఆలోచించు. టేబుల్ టాప్ గ్రైండరు రాళ్ళతో కలిపి పది కిలోల పైమాటే, అంటే నీ సామాను బరువులో మూడో వంతు ఒక్క ఇడ్లీ పిండికే ఇచ్చేస్తున్నావన్నమాట. వారానికి మూడుసార్లు ఇడ్లీ దోసె లేకపోతే గడవని ఇల్లయితే తీసుకుపో, తప్పేం లేదు. ఆదివారం ఆదివారం పోసుకునే ఇల్లయితే మిక్సీ చాలు.

ఇంక రుబ్బురోలు. వద్దు తల్లీ. మీ అత్తగారి బాధ నాకు అర్థమవుతుంది, ఆమె ఆ రోట్లో రుబ్బిన గారెల పిండి రుచి ఆమె చేతికే తెలుసు. కానీ అపార్ట్‌మెంటులో మూడో అంతస్తులో రోలు పెట్టుకుని పొత్రం తిప్పితే కిందింటివాళ్ళు గంటలో పైకొస్తారు. పచ్చళ్ళు దంచుకునే చిన్న రోలు ఒకటి చేతికి ఇమిడేది కావాలంటే తీసుకుపో, దాన్నైనా బ్రష్ పెట్టి కడిగి ఎండబెట్టి ప్యాక్ చెయ్యి, రాయి సందుల్లో మట్టి ఉందంటే ఆస్ట్రేలియా ఎయిర్‌పోర్టులో వాళ్ళు ఊరుకోరు.

ఆ మాటొచ్చింది కాబట్టి చెప్తున్నా, ఆస్ట్రేలియా వాళ్ళకి మట్టి, విత్తనం, పురుగు, పాలు అంటే మహా భయం. విమానం దిగేముందు ఒక కార్డు నింపాలి, దాంట్లో తినే వస్తువులు, చెక్క వస్తువులు, మొక్కలకి సంబంధించినవి ఏమున్నా ఉన్నాయని టిక్కు పెట్టాలి. ఉన్నాయని చెప్తే చూస్తారు, బాగుంటే ఇచ్చేస్తారు, లేకపోతే తీసి పారేస్తారు, అంతే, జరిమానా ఉండదు. దాచిపెట్టి దొరికితే మాత్రం జరిమానా వందల్లోంచి వేల డాలర్లల్లోకి పోతుంది, వీసా కూడా రద్దు చెయ్యొచ్చు. పాలతో చేసిన స్వీట్లు మన దేశం నించి రానివ్వరు, కాబట్టి మలై కాజాలు ఎయిర్‌పోర్టుకొచ్చినవాళ్ళకే పంచిపెట్టేసి పో. నెయ్యి కూడా వద్దు. కొబ్బరీనెల చీపురు, వెదురు చేట, మామిడాకుల తోరణం ఇవన్నీ పెట్టెలో పెడితే పెట్టె తెరిచినవాడికి పండగే. పప్పుగుత్తి, కవ్వం, చెక్క గరిటెలు పోతాయి, కానీ ఒక్కదానికి పురుగు తొలిచిన బెజ్జం కనిపించినా తీసేస్తారు, ముందే వెలుతురులో పెట్టి తిప్పి తిప్పి చూసుకో.

షిప్పు గురించి. కంటైనరు మొత్తం మనదే అయితే తప్ప, నాలుగు డబ్బాలు పంపేవాళ్ళకి బరువు మీద కాదు, చోటు మీద రేటు కడతారు, దాన్ని సీబీఎం అంటారు, మీటరు పొడవు మీటరు వెడల్పు మీటరు ఎత్తు. ఇక్కడ చెన్నైలో ఏజెంటు చెప్పే రేటు చూసి ఇంతేనా అనిపిస్తుంది, అసలు బిల్లు అవతల ఒడ్డున ఉంటుంది. అక్కడ పోర్టు చార్జీలు, కాయితాల చార్జీలు, క్వారంటైన్ వాళ్ళు పెట్టె తెరిచి చూసినందుకు చార్జీలు, ఇంటికి తోలేదానికి చార్జీలు, అన్నీ కలిపితే సముద్రం దాటిన ఖర్చుకంటే ఎక్కువ కూడా అవ్వొచ్చు. ఏజెంటుని అడగాల్సింది ఒకటే ప్రశ్న: ఇంటి గుమ్మం దాకానా, పోర్టు దాకానా, అన్ని చార్జీలూ కలిపి కాయితం మీద రాసిస్తావా? రాసివ్వనన్నాడంటే లేచి వచ్చెయ్. ఇంకోటి, నువ్వు ఏడాదికి పైగా సొంతంగా వాడుకున్న సామానైతేనే ఆస్ట్రేలియాలో సుంకం లేకుండా వదుల్తారు. అంటే ప్రయాణం కోసమని ఇప్పుడు కొత్తవి కొని షిప్పులో వేస్తే ఆ లెక్కలోకి రావు. మీ అత్తగారు చెప్పిన సామాను మొత్తం ఒక సీబీఎం కూడా రాదనుకుంటా, దానికి షిప్పు దండగ. టికెట్ మీద ఎన్ని కిలోలు రాశారో చూడు, చాలకపోతే ముందుగానే ఆన్‌లైన్లో అదనపు బరువు కొనుక్కో, ఎయిర్‌పోర్టు కౌంటర్లో కట్టే రేటుకీ దానికీ చాలా తేడా ఉంటుంది.

మరి ఏం తీసుకుపోవాలి అంటే, నా లెక్కలో అక్కడ సరైనవి వెతుక్కోవాల్సి వచ్చేవి. ఇడ్లీ రేకులు, నీ కుక్కర్లో పట్టేవి, ఆ కుక్కర్లో పెట్టి మూత పెట్టి చూసుకున్నాకే ప్యాక్ చెయ్యి. కుక్కరు గ్యాస్కెట్లు రెండు, సేఫ్టీ వాల్వులు రెండు, వెయిట్ ఒకటి, ఇవి చూడ్డానికి చిన్నవే గానీ అక్కడ నీ కుక్కరు కంపెనీ సైజు దొరక్క కుక్కర్నే మూలపడేస్తావు. మణుగుబూల గిద్దలు, అదే జంతికలవి, బిళ్ళలతో సహా. పోపుల డబ్బా. మీ ఇంట్లో ఏళ్ళ తరబడి నూనె తాగి నల్లగా నున్నగా అయిన దోసె పెనం ఉందా, అడుగు చదరంగా ఉందా, ఉంటే బట్టల మధ్యలో చుట్టి పెట్టేసుకో, ఇనుము కాబట్టి ఇండక్షన్ మీద కూడా పనిచేస్తుంది, కొత్త పెనం ఆ స్థితికొచ్చేసరికి నీ పాప స్కూలుకి పోతుంది.

స్కూలంటే గుర్తొచ్చింది, అన్నిటికంటే ముందు పెట్టుకోవాల్సింది సామాను కాదు, పాప టీకాల కార్డు. విక్టోరియాలో టీకాలన్నీ వేయించినట్టు రుజువు లేకపోతే చైల్డ్‌కేర్‌లో, కిండర్‌గార్టెన్‌లో చేర్చుకోరు. పీహెచ్‌సీలో వేయించినవి, ప్రైవేట్ డాక్టరు దగ్గర వేయించినవి అన్నీ ఒక కాయితం మీద తేదీలతో డాక్టరు సంతకంతో రాయించుకో, తెలుగులో ఉంటే ఇంగ్లీషులో రాయించు. ఇంక పాప నిద్రపోయేటప్పుడు పట్టుకునే బొంతో బొమ్మో ఏదుంటే అది చేతి సంచిలోకే, పెద్ద సూట్‌కేసులో పెట్టావా, ఆ సూట్‌కేసు ఒకరోజు ఆలస్యంగా వచ్చిందా, ఆ రాత్రి మీ ముగ్గురికీ జాగారమే.

మీ అత్తగారికి వద్దు అని చెప్పొద్దు. గ్రైండరు ఆమె వంటింట్లో పెట్టించి, మీరు వాడుతూ ఉండండి అత్తయ్యా, ఆడకుండా పెడితే మోటారు పాడైపోతుంది, నేనొచ్చినప్పుడు మళ్ళీ నాకిద్దురు అను. అది అబద్ధం కూడా కాదు.

మేడం, మా అబ్బాయి ఎం.ఎస్. చదవడానికి ఆగస్టులో డాలస్ పోతున్నాడు. వాళ్ళమ్మ ఇప్పటికే రెండు పెద్ద సూట్‌కేసులు నింపేసింది: పది కిలోల బియ్యం, కోడి పచ్చడి, కరివేపాకు, ఎండు కొబ్బరి, రైస్ కుక్కరు, మిక్సీ, రెండు రగ్గులు. ఇవన్నీ పోతాయా? (ఒక తండ్రి, ఒంగోలు)

సగం పోవు సార్. మీ ఆవిడకి కోపం రాకుండా మీరే చదివి వినిపించండి.

బియ్యం వద్దు, మన దేశం నించి సామాన్లలో బియ్యం తెచ్చుకోవడం 2011 నించి అమెరికాలో నిషేధం, ఖాప్రా అని ఒక ముక్కుపురుగు లాంటిది ఉంటుంది, అది వాళ్ళ గోడౌన్లలోకి చేరుతుందని భయం. డాలస్ లాంటి చోట మన బియ్యం సంచులు సంచులు దొరుకుతాయి, ఇక్కడ్నించి మొయ్యడం దేనికి. కోడి పచ్చడి, మటన్ పచ్చడి అసలే వద్దు. పచ్చి కరివేపాకు కూడా వద్దు, నిమ్మ నారింజ తోటలకి తెగులొస్తుందని ఆపుతారు. ఎండు కొబ్బరి చిప్పల్లో నూనె ఎక్కువ, నిప్పంటుకునే సరుకు కింద లెక్కేసి విమానంలోనే ఎక్కనివ్వరు, కాబట్టి ఆమె కొబ్బరి కారం దంచి పొడి చేసి పెట్టమనండి. ఆవకాయ, గోంగూర పచ్చడి పోతాయి, కానీ చేతి సంచిలో కాదు, లోపల వేసే సూట్‌కేసులో, గాజు సీసాలో కాదు, ప్లాస్టిక్ డబ్బా మూతకి టేపు చుట్టి, దాన్ని రెండు కవర్లలో కట్టి. దిగాక ఫారంలో గానీ ఆఫీసరు నోటితో అడిగినప్పుడు గానీ తినేవి ఉన్నాయని చెప్పమనండి, చెప్తే ఏమీ కాదు.

రైస్ కుక్కరు తీసెయ్యండి. అమెరికాలో 120 వోల్టులు. మనది 230కి చేసింది, దాన్ని అక్కడ పెడితే వేడి నాలుగో వంతు వస్తుంది, మూడు గంటలైనా అన్నం ఉడకదు. అక్కడ కొనుక్కుంటే చవక. మిక్సీ గురించి నా కథ చెప్తా. 1999లో నేను ఇక్కడ్నించి ఒక 550 వాట్ల మిక్సీ, దానికి తోడు 500 వాట్ల ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి పట్టుకుపోయా, కొట్టువాడు సరిపోద్దన్నాడు, నేనూ సరే అన్నా. సంక్రాంతికి గారెలకి మినప్పప్పు వేశా. రెండో నిమిషంలో ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమంది, మూడో నిమిషంలో కాలిన వాసన, ఆ తర్వాత పొగ, పైన స్మోక్ అలారం కుయ్యోమని మొదలెట్టింది, మా బిల్డింగ్ మొత్తం మెట్ల మీదికొచ్చేసింది, చేతికి పిండి అంటుకునే ఉన్నా నేనూ వాళ్ళతో పాటే చలిలో నిల్చున్నా. అసలు లెక్కేందంటే మిక్సీ వాట్లకి కనీసం రెండింతలైనా ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి, అది ఇనప గుండులాంటి బరువు, ఆ గొడవే వద్దు. మన మిక్సీ కంపెనీలు కొన్ని అమెరికా కోసమే 110 వోల్టుల మోడళ్ళు చేస్తాయి, అవసరమైతే అది ఒకటి కొనండి. అసలు నలుగురు కుర్రాళ్ళు ఒక ఇంట్లో ఉంటారు, ఒక మిక్సీ చాలు, ముందు పోయినవాడి దగ్గర ఉందేమో కనుక్కోమనండి. రగ్గులు అక్కడ కొనుక్కుంటాడు, తీసెయ్యండి.

తీసినచోట పెట్టాల్సినవి: మూడు లీటర్ల కుక్కరు ఒకటి, అడుగు చదరంగా ఉండేది, గ్యాస్కెట్లతో. కళ్ళజోడు ఉంటే రెండు జతలు, అక్కడ డాక్టరు చీటీ లేందే కళ్ళద్దాలు చెయ్యరు, ఆ చూపించుకునే ఖర్చే ఎక్కువ. పళ్ళు కూడా వాడు బయల్దేరేలోపే ఇక్కడ చూపించి పుచ్చులు పూడ్పించెయ్యండి. రోజూ వేసుకునే మందులుంటే చీటీతో, స్ట్రిప్పులు కత్తిరించకుండా. పాస్‌పోర్టు, ఐ-20 అని కాలేజీ వాళ్ళిచ్చే కాయితం, ఒరిజినల్ సర్టిఫికెట్లు, లాప్‌టాప్, పవర్ బ్యాంకు అన్నీ చేతి సంచిలో, పవర్ బ్యాంకు లోపలి సామాన్లో పెట్టకూడదు. అమెరికాకి మామూలుగా రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు, పొడవు వెడల్పు ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు, అయినా టికెట్ మీద ఉన్నదే వేదం. తూకానికి బాత్రూం మిషన్ని నమ్మకండి, మీ వీధిలో పాత పేపర్ల కొట్టు ఉంటుంది కదా, అక్కడి తక్కెడలో తూకం వేయించండి, 22 దగ్గర ఆపండి.

అక్కా, మా ఆయన దుబాయ్‌లో డ్రైవరు, ఈసారి నన్నూ పిల్లల్నీ తీసకపోతన్నాడు. మసాలాలు ఇక్కడ్నించి తెచ్చుకోమన్నాడు. ఏమన్నా ఇబ్బందా? (పొదిలి)

ఒక్కటే, కానీ అది పెద్దది. గసగసాలు ఒక్క చెంచా కూడా పెట్టొద్దమ్మా. దుబాయ్‌లో, సౌదీలో గసగసాలు మత్తుమందు కింద లెక్క, నల్లమందు మొక్క గింజలవి, తెలీదంటే వాళ్ళు వినరు, జైలు దాకా పోయినవాళ్ళు ఉన్నారు. గసగసాలు విడిగా పెట్టకపోయినా, ఇంట్లో కొట్టిన మసాలా పొడిలో, కోడి కూర మసాలాలో కలిసి ఉండొచ్చు, కాబట్టి ఇంట్లో కొట్టిన మసాలా ఏదీ వద్దు, షాపు ప్యాకెట్ అయినా వెనకాల చిన్న అక్షరాలు చదివి పెట్టుకో. ఎవరో పక్కింటివాళ్ళు మా తమ్ముడికిచ్చెయ్ అని పార్శిల్ ఇస్తే విప్పి చూడకుండా పట్టుకుపోవద్దు, మొహమాటపడొద్దు. దగ్గు సిరప్పులు, నొప్పి మాత్రలు డాక్టరు చీటీ లేకుండా వద్దు.

అమ్మా, మాది నెల్లూరు మూలాపేట. నా వయసు డెబ్భై ఒకటి, మా ఆవిడకి అరవై ఆరు. మా అబ్బాయి దగ్గరికి న్యూజెర్సీ శాశ్వతంగా పోతున్నాం, గ్రీన్ కార్డులు వచ్చాయి. ఇల్లు అమ్మేస్తున్నాం. మా నాన్నగారి పందిరి మంచం, ఇత్తడి సామాను, తాతగారి నాటి చిన్న కృష్ణ విగ్రహం, ఒక కట్ట తాళపత్రాలు, రెండు బీరువాల పుస్తకాలు, ఆమె ఉదయగిరి చెక్క గరిటెలు, ఎవరో ఇచ్చిన ఎర్రచందనం బొమ్మల జత ఉన్నాయి. ఏది వదలాలన్నా మనసు రావడం లేదు. (ఒక రిటైర్డ్ మాస్టారు)

మాస్టారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివా. ముందు చట్టం సంగతి చెప్పేస్తా, దాంతో కొన్ని తేలిపోతాయి.

ఎర్రచందనం బొమ్మలు పెట్టెలో పెట్టకండి. మన శేషాచలం, వెలిగొండల చెట్టు, దాన్ని దేశం దాటించడం మీద ఎన్ని ఆంక్షలు ఉన్నాయో పేపర్లో రోజూ చూస్తూనే ఉన్నారు, బొమ్మే కదా అని మీరంటారు, కస్టమ్స్ వాడు దుంగ చూసినట్టే చూస్తాడు. కృష్ణుడు వందేళ్ళు దాటినవాడైతే పురావస్తువు కిందికి వస్తాడు, 1972 చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన విగ్రహాలు, కళావస్తువులు మనవే అయినా దేశం దాటించకూడదు. రాతప్రతులకి అయితే 75 ఏళ్ళే హద్దు. అంత పాతది కాదనుకుంటే పురావస్తు శాఖ వాళ్ళకి చూపించి పురావస్తువు కాదని సర్టిఫికెట్ తీసుకోవాలి, అది చేతిలో ఉంటేనే ఎయిర్‌పోర్టుకి బయల్దేరండి. తాళపత్రాలు మాత్రం కచ్చితంగా 75 దాటే ఉంటాయి, అవి పోవు. అవి ఆరిపోయి ముక్కలయ్యేలోపు తిరుపతిలో వెంకటేశ్వర యూనివర్సిటీ ఓరియంటల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, వాళ్ళ దగ్గర తాళపత్రాలు భద్రపరిచే ఏర్పాటు ఉంది, వాళ్ళని కదిలించండి.

ఉదయగిరి గరిటెలు హాయిగా తీసుకుపోండి. ఆ కొండల చెక్కతో చేతితో చెక్కినవి, భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది వాటికి, బరువు లేదు, నాన్‌స్టిక్ గిన్నెలకి గీత పడదు, అమ్మగారు అక్కడ కోడలి వంటింట్లో అడుగుపెట్టిన మొదటి రోజు నించీ ఆమె చేతిలో ఆమెదే గరిటె ఉంటుంది. ఇది చిన్న విషయం కాదని నేను అనుభవంతో చెప్తున్నా. ఇత్తడిలో మీరు రోజూ సంధ్యావందనానికి వాడే చెంబు, పంచపాత్ర, దీపపు సెమ్మె, అంతవరకే. బిందెలు అక్కడ మూల నిలబడి చిలుం పడతాయి, తోమే ఓపికా ఉండదు.

బంగారం గురించి మీరు అడగలా, అయినా చెప్తా. అమ్మగారి నగలు కొన్ని తీసుకుపోతుంటే చెన్నై ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్ళ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోండి, వాల్యూయర్ దగ్గర తూకం కాయితం, నగల ఫోటోలు తీసుకుని ముందుగా పోవాలి. రేపు మనవడి పెళ్ళికి అవే నగలు వేసుకుని వస్తే ఇవి ఎక్కడివి సుంకం కట్టు అనకుండా ఉంటారు. మిగిలినవి లాకర్లో పెడితే నామినీ రాయండి, ఏడేళ్ళు లాకరు తెరవకపోతే, మీ ఆచూకీ దొరక్కపోతే బ్యాంకు వాళ్ళు తెరిచెయ్యొచ్చు. సేవింగ్స్ ఖాతాని ఎన్ఆర్ఓ ఖాతాగా, అంటే విదేశాల్లో ఉండేవాళ్ళ ఖాతాగా, మార్పించుకోవడం, గ్యాస్ కనెక్షన్ వాపసిచ్చి డిపాజిట్ తెచ్చుకోవడం ప్రయాణానికి వారం ముందు పెట్టుకోకండి, నెల ముందే.

పందిరి మంచం. షిప్పులో పంపొచ్చు, అది విడిపోతుంది కాబట్టి మడిచి కట్టొచ్చు, మీరు ఏడాదికి పైగా వాడుకున్న ఇంటి సామాను కాబట్టి అమెరికాలో సుంకం ఉండదు, దానికి 3299 అని ఒక ఫారం నింపాలి. ప్యాక్ చేసే చెక్క పెట్టెకి హీట్ ట్రీట్‌మెంట్ చేసిన ముద్ర ఉండాలి, గోధుమ కంకి బొమ్మ ఉంటుంది చూడండి, అది లేకపోతే అక్కడ పోర్టులో పెట్టె మొత్తం వెనక్కి పంపుతారు. కానీ పంపేముందు మీ అబ్బాయిని మీకిచ్చే గది కొలతలు పంపమనండి, గది పొడవు వెడల్పు మాత్రమే కాదు, మెట్లు మలుపు తిరిగే చోటు కూడా. మా చుట్టాల్లో ఒకళ్ళు ఇట్టాగే టేకు మంచం పంపించారు, మెట్ల మలుపులో ఇరుక్కుంది, పక్కకొయ్య పైకి పోలేదు, చివరికి అది గ్యారేజీలో కారు పక్కన పడుంది, ఏడాదికోసారి దానికి నూనె రాసి వస్తారు.

పుస్తకాలు బరువు. ఒక బీరువా పుస్తకాలు అంటేనే ఇద్దరు మనుషుల సామాను పైన. మీరు మళ్ళీ మళ్ళీ తీసి చూసేవి, మీరు మార్జిన్లో రాసుకున్నవి, అవి ఇరవై తీసుకోండి. మిగిలినవి జిల్లా గ్రంథాలయానికో, మీరు పనిచేసిన స్కూలుకో ఇచ్చేముందు వాళ్ళు అసలు తీసుకుంటారో లేదో పోయి కనుక్కోండి, ఈమధ్య చోటు లేదని వద్దంటున్నారు కూడా.

ఇంక మనసు రావడం లేదు అన్నారు చూడండి. 1999లో నేను పోయేటప్పుడు మా అమ్మ ఇచ్చిన కంచు పళ్ళేలు, పట్టె మంచం, మంచి చీరలు అన్నీ ఒక గదిలో పెట్టి తాళం వేసి పోయా, మళ్ళీ వచ్చి వాడుకుంటాగా అని. ఇత్తడి గంగాళం ఒకటి గదిలో పట్టక పక్కింటి పిన్నికి ఇచ్చి మీరు వాడుకోండి అని పోయా. పదకొండేళ్ళ తర్వాత వచ్చి గది తాళం తీస్తే మంచానికి చెద పట్టింది, వెంకటగిరి చీరలు మడత మీద చిరిగిపోయాయి, కంచు పళ్ళేల మీద పచ్చటి మరక. పిన్ని గంగాళం తెచ్చిచ్చింది, ఒక పక్క చొట్ట పడింది, మూడు పెళ్ళిళ్ళకి దాంట్లో నీళ్ళు కాగాయంట, అడుగు మెరుస్తా ఉంది. అందుకే అడుగుతున్నా, మీ మంచం మీద పడుకునే పిల్ల ఎవరైనా ఉందా మీ తోడబుట్టినవాళ్ళ ఇళ్ళల్లో? మేనకోడలో, చెల్లెలి మనవరాలో? ఎవరింటికి ఏది పోతోందో ఒక నోటుబుక్కులో రాసుకోండి, పేరు, వస్తువు, ఇచ్చిన తేదీ. మీరు వచ్చినప్పుడు ఒక్కో ఇంటికీ పోయి చూసుకోవచ్చు, భోజనం కూడా పెడతారు.

ఎర్రచందనం బొమ్మలు మాత్రం ఎవరికీ ఇవ్వకండి, అడిగినవాళ్ళకి లెక్క చెప్పలేరు వాళ్ళు, ఇచ్చినాయన కాయితం ఏమన్నా ఇచ్చాడేమో వెతకండి, అటవీ శాఖ వాళ్ళని ఒకసారి అడిగి చూడండి.

తాళపత్రాలు తిరుపతి పంపేముందు పై ఆకు ఒకటి ఫోటో తీసి నాకు పంపండి మాస్టారూ. ఏ గ్రంథమో చూడాలని నాకూ ఉంది.